కొన్నాళ్ల అమ్మ

“ఎలాగూ వెళ్లిపోయే బిడ్డ. మరీ దగ్గరకు తీయకండి. తర్వాత మీకూ కష్టం, వాడికీ కష్టం.”

కన్నవాళ్ల దగ్గర ఉండే వీలు లేని పిల్లవాడిని కొన్నాళ్లు ఇంట్లో పెట్టుకుని చూసుకుంటామని ఎవరైనా అంటే ముందుగా వినిపించే సలహా ఇది. చుట్టాలు చెబుతారు, ఇరుగుపొరుగు చెబుతారు, ఒక్కోసారి ఆ రంగంలో పనిచేసేవాళ్లే చెబుతారు. చెడ్డ ఉద్దేశంతో అనే మాట కాదు. రేపు తెంచుకోవలసిన బంధాన్ని ఇవాళ ఎందుకు పెంచుకోవడం అన్న జాగ్రత్త అది. పెద్దవాళ్ల వైపు నుంచి చూస్తే సబబుగానే ఉంటుంది. పిల్లవాడి వైపు నుంచి చూస్తే ఇంతకంటే హాని చేసే సలహా మరొకటి ఉండదని నా గట్టి నమ్మకం. ఎందుకో చెప్పాలంటే కాస్త చట్టం గురించి, కాస్త పిల్లల మనసు గురించి, మన ఇళ్లలో పిలుచుకునే వరుసల గురించి కూడా మాట్లాడుకోవాలి.

ముందు మాట దగ్గరే ఒక చిక్కు ఉంది. తెలుగులో ‘పెంపుడు తల్లి’ అన్న ఒక్క మాటలో రెండు మూడు వేర్వేరు బంధాలు ఇమిడి ఉన్నాయి. దత్తత తీసుకున్న ఆమె పెంపుడు తల్లే. అక్క పోతే ఆమె బిడ్డను తెచ్చి సాకిన పిన్ని కూడా పెంపుడు తల్లే. ప్రభుత్వం అప్పగించిన బిడ్డను కొన్ని నెలలో కొన్నేళ్లో ఇంట్లో ఉంచుకుని చూసుకునే ఆమెకూ వేరే పేరు లేదు. ఈ మూడో దాన్నే పత్రికలు ‘ఫోస్టర్ కేర్’ అని రాస్తున్నాయి. మాట ఒకటే కావడంతో చాలామంది దీన్ని దత్తతకు తొలి మెట్టు అనుకుంటారు, లేదా అనాథాశ్రమానికి మరో పేరు అనుకుంటారు. రెండూ పొరపాటే.

దత్తత జరిగితే కన్నవారితో చట్టబంధం ముగిసిపోతుంది. బిడ్డకు కొత్త తల్లిదండ్రులు, కొత్త ఇంటిపేరు, ఆస్తిలో హక్కు వస్తాయి. ఫోస్టర్ కేర్‌లో ఇవేవీ మారవు. తల్లి జబ్బుతో మంచం పట్టి ఉండవచ్చు, తండ్రి జైల్లో ఉండవచ్చు, ఇంట్లో కొట్టి హింసించడం వల్ల బిడ్డను బయటకు తీసుకురావలసి వచ్చి ఉండవచ్చు. అలాంటి బిడ్డ హాస్టల్ లాంటి సంస్థలో కాకుండా ఒక ఇంట్లో, ఒక కుటుంబంలో పెరగాలన్నది ఈ ఏర్పాటు ఉద్దేశం. పరిస్థితులు చక్కబడితే బిడ్డ తిరిగి తన ఇంటికే వెళ్తుంది. అంటే ఇది మొదటి రోజు నుంచే ‘కొన్నాళ్ల’ బంధం. దీని బలమూ బాధా రెండూ ఆ ‘కొన్నాళ్లు’ అన్న మాటలోనే ఉన్నాయి.

మన దేశంలో దీనికి ఆధారం 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలోని 44వ సెక్షన్. బిడ్డను ఏ కుటుంబానికి అప్పగించాలో నిర్ణయించేది బాలల సంక్షేమ సమితి. అధ్యక్షస్థానంలో ఉన్నవారితో కలిపి అందులో ఐదుగురు ఉంటారు. జిల్లా బాలల పరిరక్షణ విభాగం వారు ముందుగా ఆ కుటుంబం ఇంటికి వెళ్లి చూస్తారు, మాట్లాడతారు, నివేదిక ఇస్తారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వీలైనంతవరకు ఒకే ఇంట్లో ఉంచాలని చట్టం చెబుతోంది. బిడ్డ మేలుకు అడ్డు కానంతవరకు కన్నవాళ్లు వచ్చి చూసి వెళ్లవచ్చు. దత్తతకు అర్హత ఉన్న బిడ్డను దీర్ఘకాలం ఫోస్టర్ కేర్‌లో ఉంచకూడదు. బిడ్డ ఎలా ఉందో సమితి నెలనెలా చూడాలి.

2016లో వచ్చిన మార్గదర్శకాలను కేంద్రం 2024లో సవరించింది. అంతకుముందు భార్యాభర్తలకే ఉన్న అవకాశాన్ని ఒంటరివారికీ ఇచ్చారు. పెళ్లి కానివారు, భర్తను లేదా భార్యను కోల్పోయినవారు, విడాకులు తీసుకున్నవారు కూడా ఇప్పుడు ముందుకు రావచ్చు. బిడ్డకు తిరిగి వెళ్లే ఇల్లు లేదని తేలితే, చట్టప్రకారం దత్తతకు వీలున్నప్పుడు, పెంచుతున్న కుటుంబమే దత్తత తీసుకోవడానికి గతంలో ఐదేళ్లు ఆగాలి. ఇప్పుడు రెండేళ్లు చాలు. పిల్లల రక్షణ కోసం కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద బిడ్డ ఖర్చులకు నెలకు 4,000 రూపాయలు ఇచ్చే వీలుంది. ఈ డబ్బు మాట వినగానే “ఓహో, డబ్బు కోసం పెంచుతారన్నమాట” అనేవాళ్లు ఉంటారు. ఎదిగే పిల్లవాడి తిండి, బట్టలు, బడి, మందులు లెక్క వేసుకుంటే నాలుగు వేలు మిగిలేవి ఎక్కడున్నాయో వాళ్లే చెప్పాలి. పాఠం చెప్పే పంతులుకు జీతం ఉన్నంత మాత్రాన పిల్లల మీద ప్రేమ ఉండదని మనం అనుకోవడం లేదు కదా.

ఇంతవరకు కాగితాల సంగతి. బిడ్డకు కాగితాలు తెలియవు. తనను ఎత్తుకున్న చేతులు ఎవరివో తెలుసు. రేపు కూడా ఆ చేతులే ఉంటాయా లేదా అన్నదే ఆ బిడ్డకు ముఖ్యం.

దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించినవారు లండన్‌కు చెందిన జేమ్స్ రాబర్ట్‌సన్, జాయిస్ రాబర్ట్‌సన్ దంపతులు. 1960ల చివర్లో, 1970ల్లో, తల్లి ఆసుపత్రిలో చేరడం వల్ల కొద్దిరోజులు ఆమెకు దూరమైన చిన్న పిల్లలను వాళ్లు దగ్గరగా గమనించి, కెమెరాతో చిత్రీకరించారు. నలుగురు పిల్లలను ఒకరి తర్వాత ఒకరిని తమ సొంత ఇంట్లోనే పెట్టుకుని జాయిస్ చూసుకుంది. జాన్ అనే ఐదో పిల్లవాడు మాత్రం పిల్లల్ని రాత్రింబవళ్లు ఉంచుకునే నర్సరీకి వెళ్లాడు. వయసు 17 నెలలు. అక్కడ ఉన్నది తొమ్మిది రోజులు.

జాన్‌ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అక్కడి నర్సులు మంచి అమ్మాయిలే. అయితే ఒక్కో నర్సుకు ఒక్కో పని అప్పగించారు తప్ప ఒక్కో బిడ్డను అప్పగించలేదు. ఒకరు స్నానం చేయిస్తారు, ఒకరు అన్నం పెడతారు, ఇంకొకరు నిద్రపుచ్చుతారు. జాన్ మొదట్లో ఒక నర్సును ఎంచుకుని ఆమె వెంట తిరగబోయాడు. ఆమె డ్యూటీ అయిపోయింది, వెళ్లిపోయింది. మరొకరి దగ్గరకు వెళ్లాడు. అక్కడే పుట్టినప్పటి నుంచీ పెరుగుతూ తోసుకుని ముందుకు రావడం నేర్చిన పిల్లలు అతన్ని పక్కకు నెట్టేశారు. రోజులు గడిచేకొద్దీ ఏడుపు ఎక్కువైంది, తిండి తగ్గింది. చివరికి మనుషుల్ని అడగడం మానేసి ఒక పెద్ద టెడ్డీబేర్ బొమ్మకు ముఖం ఆనించి పడుకునేవాడు. తొమ్మిదో రోజున తల్లి వచ్చింది. జాన్ ఆమె దగ్గరకు పరుగెత్తలేదు. కేకలు పెట్టాడు, పెనుగులాడాడు, ఆమె వైపు చూడలేదు. అమ్మను మరిచిపోయిన పిల్లవాడు అలా చేయడు. అమ్మ కోసం అడిగీ అడిగీ అలసిపోయిన పిల్లవాడే అలా చేస్తాడు.

అదే వయసు పాప జేన్. ఆమె పది రోజులు రాబర్ట్‌సన్ల ఇంట్లో ఉంది. వెళ్లకముందే ఆ ఇంటి మనుషులు ఆమెకు పరిచయం అయ్యారు. ఇంట్లో ఏం తినేదో, ఎలా పడుకునేదో జాయిస్ ముందే అడిగి తెలుసుకుని అలాగే చేసింది. తండ్రి వచ్చి చూసి వెళ్లేవాడు. జేన్‌కు బెంగ లేకపోలేదు. ఏడ్చింది, విసుక్కుంది. అయినా తల్లి రాగానే గుర్తుపట్టి ఆమె దగ్గరకు వెళ్లింది.

మొదట చెప్పిన సలహాను ఈ ఇద్దరు పిల్లల పక్కన పెట్టి చూడండి. దగ్గరకు తీయకపోతే బిడ్డ తన కన్నతల్లికి మరింత దగ్గరగా ఉంటాడని కదా అందులోని ఆశ. జరిగింది దానికి తలకిందులుగా ఉంది. ఎవరికీ దగ్గర కాలేకపోయిన జాన్ తల్లికి కూడా దూరమయ్యాడు. జాయిస్‌కు దగ్గరైన జేన్ తల్లి దగ్గరకు తేలిగ్గా వెళ్లగలిగింది. ప్రేమ ఒక పాత్రలోని నీరు లాంటిదనీ, ఇక్కడ పోస్తే అక్కడ తగ్గుతుందనీ మనం అనుకుంటాం. పసిపిల్లల విషయంలో అది నడక లాంటిది. నడవనిస్తేనే కాళ్లకు బలం ఉంటుంది.

ఇద్దరి కథతో సిద్ధాంతం కట్టకూడదన్నది నిజమే. అంతకంటే చాలా పెద్ద ఎత్తున ఈ ప్రశ్నను పరీక్షించింది రొమేనియాలోని బుకారెస్ట్ అధ్యయనం. అక్కడి నియంత చౌషెస్కూ ప్రభుత్వం జనాభా పెంచాలని 1966లో గర్భస్రావాన్ని నిషేధించింది. పోషించలేని కుటుంబాలు బిడ్డల్ని ప్రభుత్వ సంస్థల్లో వదిలేశాయి. 1989లో ఆ ప్రభుత్వం కూలిపోయాక, వరుసలు వరుసలుగా ఉయ్యాల మంచాల్లో ఏడుపు కూడా మానేసిన పసివాళ్లను ప్రపంచం చూసింది. చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలు 2000 తర్వాత బుకారెస్ట్‌లోని ఆరు సంస్థల నుంచి 136 మంది పిల్లలను ఎంచుకున్నారు. అందరూ 6 నుంచి 31 నెలల లోపువాళ్లే. చీటీలు తీసినట్టుగా సగం మందిని ఫోస్టర్ కుటుంబాలకు పంపారు. మిగిలిన సగం మందిని అప్పటికి ఉన్న ఏర్పాటులోనే గమనించారు, వాళ్లలో ఎవరికి ఇల్లు దొరికినా అడ్డుపడలేదు. చీటీలో ఏ పేరు వస్తే ఆ బిడ్డకు ఇల్లు అన్న ఆ పద్ధతి న్యాయమేనా అన్న చర్చ ఇప్పటికీ ఉంది. ఆ చర్చ ఉండవలసిందే.

ఫలితాలు మాత్రం స్పష్టంగా వచ్చాయి. పిల్లలకు మూడున్నరేళ్లు వచ్చేసరికి, ఫోస్టర్ కుటుంబాలకు వెళ్లినవారిలో దాదాపు సగం మందిలో పెంచుతున్నవారి పట్ల భరోసాతో కూడిన అనుబంధం కనిపించింది. అప్పటికి ఉన్న ఏర్పాటులోనే గమనించిన వర్గంలో అది ఐదింట ఒక వంతు మందిలో కూడా లేదు. రెండేళ్లు నిండకముందే ఇంటికి చేరినవారిలో మార్పు ఎక్కువ. తెలివితేటల పరీక్షల్లోనూ, మెదడు విద్యుత్ తరంగాల కొలతల్లోనూ తేడా కనిపించింది. ఆ తర్వాత రొమేనియాలో రెండేళ్లలోపు పిల్లలను సంస్థల్లో ఉంచకూడదని చట్టం కూడా వచ్చింది.

ఈ అధ్యయనంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది ఒక చిన్న సంగతి. పిల్లలను తీసుకున్న ఆ కుటుంబాలకు డబ్బు ఇచ్చారు, శిక్షణ ఇచ్చారు, సామాజిక కార్యకర్తలు తరచూ వెళ్లి తోడు నిలిచారు. వీటన్నిటితోపాటు ఒక మాట చెప్పారు: ఈ బిడ్డను మీ సొంత బిడ్డలాగే మనస్ఫూర్తిగా ప్రేమించండి. ‘దూరంగా ఉంచండి’ అని చెప్పి ఉంటే ఆ ఫలితాలు వచ్చేవని నేను అనుకోను.

ఇవన్నీ పసివాళ్ల సంగతులు. మన దగ్గర ఫోస్టర్ కేర్‌కు ఎక్కువగా పరిగణించేది ఆరేళ్లు దాటిన పిల్లల్ని. వాళ్లు ఖాళీ పలకలా రారు. వెనుక ఒక ఇల్లు, ఒక బడి, కొన్ని దెబ్బలు, కొన్ని వాగ్దానాలు ఉంటాయి. వాళ్లకు ప్రేమ దొరికే దారి తిన్నగా ఉండదు. ఇక్కడే చాలా కుటుంబాలు బెంబేలెత్తిపోతాయి.

మొదటి రెండు మూడు వారాలు పిల్లవాడు ముత్యంలా ఉంటాడు. కంచం తీసి కడుగుతాడు, చెప్పిన మాట వింటాడు, ఏదీ అడగడు. “ఎంత బుద్ధిమంతుడో” అని అందరూ మురిసిపోతారు. నిజానికి అది అతిథి మర్యాద. ఏ తప్పు చేస్తే పంపించేస్తారో అన్న భయం. తర్వాత ఒక రోజు చిన్న విషయానికి గిన్నె విసిరికొడతాడు, అబద్ధం ఆడతాడు, బడి ఎగ్గొడతాడు. “చూశారా, అసలు రంగు బయటపడింది” అంటారు చూసేవాళ్లు. పిల్లవాడు అడుగుతున్న ప్రశ్న వేరు. నేను ఇలా ఉన్నా మీరు ఉంచుకుంటారా? ఆ ప్రశ్నను నోటితో అడగడం అతనికి రాదు.

తిండి దాచుకోవడం మరొకటి. తలగడ కింద ఎండిపోయిన చపాతీ ముక్క. బడి సంచిలో చీమలు పట్టిన బిస్కెట్లు. అరలో మడతపెట్టిన చొక్కా మధ్య సగం తిన్న అరటిపండు. ఇల్లు శుభ్రంగా ఉంచుకునే ఆమెకు ఒళ్లు మండడం సహజం. “నీకేం తక్కువ చేశాను?” అన్న మాట నోటిదాకా వస్తుంది. ఆ పిల్లవాడి కడుపు ఇప్పటి ఆకలిని లెక్కపెట్టడం లేదు, రేపటి ఆకలిని లెక్కపెడుతోంది. రాత్రి అన్నం ఉంటుందో ఉండదో తెలియని ఇంట్లో అలా లెక్కపెట్టడమే తెలివి. అనుభవం ఉన్నవాళ్లు దీనికి చేసే పని చాలా చిన్నది. పిల్లవాడికి చెయ్యి అందే గూట్లో ఒక డబ్బా పెడతారు. అందులో మరమరాలో, వేరుశనగ ఉండలో, బిస్కెట్లో వేస్తారు. అది నీదే, ఎవరినీ అడగనక్కర్లేదు, ఎప్పుడైనా తీసుకో అంటారు. డబ్బా ఎప్పుడూ ఖాళీ కాకుండా చూస్తారు. మొదట్లో రోజూ నింపాలి. మరమరాలన్నీ గంటలో మాయమవుతాయి. తర్వాత రెండు రోజులకోసారి. కొన్ని నెలలకు మూత మీద దుమ్ము పడుతుంది. ఆ ఇంట్లో ప్రేమ కుదిరిందా లేదా అని ఎవరైనా నన్ను అడిగితే, ముద్దులూ కౌగిలింతలూ లెక్కపెట్టను, ఆ మూత మీది దుమ్ము చూస్తాను.

ముద్దుల సంగతి వచ్చింది కాబట్టి మరో ముఖ్యమైన విషయం చెప్పాలి. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ డోజియర్ ఫోస్టర్ ఇళ్లలోని పసివాళ్ల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఆమె గమనించింది ఇది. ఒక ఏడాది వయసు చుట్టుపక్కల కొత్త ఇంటికి వచ్చిన పిల్లలు చాలామంది దెబ్బ తగిలినా అమ్మ వైపు చేతులు చాచరు. ఎత్తుకోబోతే ఒళ్లు బిగపట్టుకుంటారు, ముఖం తిప్పుకుంటారు. నాకు ఎవరూ అక్కర్లేదు అన్నట్టు ఉంటారు. అది చూసి పెంచే తల్లి తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేస్తుంది. బిడ్డకు ఇష్టం లేదేమోనన్న మర్యాద అది. ఆమె వెనక్కి తగ్గడం చూసి బిడ్డ ఇంకా బిగుసుకుపోతాడు. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ ఒకరికొకరు కావాలనుకుంటున్నవాళ్లే. మధ్యలో గోడ మాత్రం లేస్తూ ఉంటుంది.

దీనికోసం డోజియర్ పదిసార్లు ఇంటికి వెళ్లి నేర్పే ఒక పద్ధతి తయారుచేశారు. అందులో చెప్పే మొదటి పాఠం, బిడ్డ అడగకపోయినా ఓదార్చాలి. పడి లేచి దులుపుకుని వెళ్లిపోతున్నవాడిని కూడా పిలిచి “ఏదీ, ఎక్కడ తగిలింది?” అని చూడాలి. పెంచుతున్నవారితో మాట్లాడేటప్పుడు ఆమె బృందం అడిగే ప్రశ్నలు కూడా సూటిగా ఉంటాయి. ఈ బిడ్డను పెద్దయ్యేదాకా పెంచాలని ఎప్పుడైనా అనిపించిందా? రేపు వెళ్లిపోతే మీకు ఎంత లోటుగా ఉంటుంది? ఈ ప్రశ్నలకు గుండె లోతుల నుంచి జవాబు చెప్పినవారి ఇళ్లలో పిల్లలు నిలకడగా ఉన్నారు, ఇల్లు మారవలసిన అవసరం తక్కువగా వచ్చింది. అంతకుముందు చాలామంది పిల్లలను పెంచి పంపినవారిలో ఆ లోతు కాస్త తగ్గినట్టు కూడా ఆమె పరిశోధనలో తేలింది. వాళ్లను తప్పుపట్టలేం. అన్నిసార్లు బిడ్డను సాగనంపిన మనసు తన చుట్టూ కంచె వేసుకోకుండా ఎలా ఉంటుంది? అందుకే పెంచేవాళ్లకు కూడా ఊరట, విరామం, మాట చెప్పుకునే మనిషి కావాలి. పిల్లవాడిని అప్పగించి ఫైలు మూసేస్తే ఈ ఏర్పాటు నిలవదు.

ఇక అన్నిటికంటే జటిలమైన ముడి, ఇద్దరు అమ్మల ముడి. రాబర్ట్‌సన్ల ఇంట్లో ఉన్న మరో పిల్లవాడు థామస్. రెండేళ్ల నాలుగు నెలల వయసు, మాటలు వచ్చినవాడు. తల్లి ఫోటో ఇస్తే దాన్ని ముద్దుపెట్టుకునేవాడు, మరోసారి చూడలేక ముఖం తిప్పుకునేవాడు. జాయిస్ దగ్గరకు తీసుకోబోతే ఒక్కోసారి వద్దనేవాడు. తనను హత్తుకునేది తన అమ్మ అని అతని అభ్యంతరం. ఆమె ప్రేమ నచ్చక కాదు. ఆ ప్రేమ నచ్చుతోంది కాబట్టే భయం. దీన్ని ఒప్పుకుంటే అమ్మకు ద్రోహం చేసినట్టవుతుందేమోనన్న గిలి రెండేళ్ల బిడ్డకే ఉంటే, పదేళ్ల పిల్లకు ఎంత ఉంటుందో ఊహించవచ్చు. ఆదివారం కన్నతల్లి వచ్చి చూసి వెళ్లిన రాత్రి ఆ పిల్ల అన్నం మానేసి పెంచే తల్లి మీద మండిపడిందంటే, సందర్శన వల్ల చెడు జరిగిందని తేల్చేయకూడదు. రెండు చేతులూ రెండు వైపులా లాగుతున్న బాధ అది. అలాంటప్పుడు పెంచే తల్లి నోటి నుంచి రావలసిన మాట ఒకటే ఉంది. “మీ అమ్మంటే నీకు ఇష్టం కదా, నాకు తెలుసు. ఇష్టంగానే ఉండు.” కన్నతల్లిని తక్కువ చేసి మాట్లాడే ఇంట్లో, ఆ తల్లి ఎంత తప్పు చేసినదైనా సరే, బిడ్డ తనలో సగాన్ని దాచుకుని బతకాలి.

ఈ ముడి మన కథలకు కొత్త కాదు. భారతంలో ఉద్యోగ పర్వం చివర, నువ్వు కుంతి కొడుకువి, మా వైపు రా, రాజ్యం నీదే అని కృష్ణుడు కర్ణుడిని పిలుస్తాడు. కర్ణుడు చెప్పిన జవాబులో వంశం, ధర్మం కంటే ముందు రాధ ఉంది. నన్ను చూడగానే ఆమెకు ప్రేమతో పాలు చేపుకొచ్చాయి, నా మలమూత్రాలు ఎత్తింది, అలాంటి తల్లికి పిండం పెట్టకుండా ఎలా పోతాను అంటాడు. బంగారపు రాసులకూ భూమండలానికీ తూకంగా అతను పెట్టింది తడిగుడ్డలు మార్చిన చేతులను. యశోద సంగతి ఇంకా చిత్రం. పోతన భాగవతం చదివిన తెలుగువాడికి కృష్ణుడి బాల్యం అనగానే రోలూ తాడూ యశోదా గుర్తొస్తారు. కృష్ణుడు మధురకు వెళ్లిపోయాడు కాబట్టి యశోద అమ్మ కాకుండా పోయిందని మనలో ఎవరూ అనుకోలేదు. దేవకిని తక్కువా చేయలేదు. ఇద్దరినీ అమ్మలుగా ఒప్పుకున్న సంస్కారం మనకు కథల్లో ఉంది, పక్కింట్లో కనిపించినప్పుడు మాత్రం “సొంత బిడ్డ కాదుగా” అనేస్తాం.

భాష కూడా మనకు ఒక సాయం చేసి పెట్టింది. ఇంటికి వచ్చిన బిడ్డ ఏమని పిలవాలన్నది చిన్న సమస్య కాదు. ‘అమ్మా’ అనమని బలవంతపెడితే థామస్ బెంగ మొదలవుతుంది. ‘ఆంటీ’ అంటే చుట్టపుచూపుగా ఉంటుంది. తెలుగులో పెద్దమ్మ ఉంది, చిన్నమ్మ ఉంది, అమ్మమ్మ ఉంది. అమ్మ స్థానాన్ని ఆక్రమించకుండానే అమ్మ అన్న మాటను లోపల దాచుకున్న వరుసలు ఇవి. పెద్దమ్మా అని పిలిచిన పిల్ల ఎవరికీ ద్రోహం చేయదు. ఆరు నెలల తర్వాత ఒకనాడు ఆ పిలుపులోని ‘పెద్ద’ దానంతట అదే జారిపోతే పోనివ్వవచ్చు, జారకపోతే లోటేమీ లేదు.

ఇంటి యాస, ఇంటి తిండి కూడా ఇలాంటివే. జొన్నరొట్టె తిని పెరిగిన పిల్లను రోజూ ఇడ్లీ పెట్టే ఇంటికి పంపితే, వారానికి రెండు రోజులైనా ఆ ఇంట్లో రొట్టె కాలాలి. ఆమె యాసను సరిదిద్దే పని ఎవరూ పెట్టుకోకూడదు.

ఇంత చెప్పాక దీని చీకటి వైపు చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ‘పెంచుకుంటాం’ అని ఊరి నుంచి పిల్లను తెచ్చుకుని అంట్లు తోమించిన ఇళ్లు మనకు తెలియనివి కావు. తమ పిల్లలు మంచం మీద, ఆ పిల్ల వంటగది గడప దగ్గర. అవన్నీ ఏ సమితీ చూడని, ఏ కాగితమూ లేని పెంపకాలు. కాగితాలున్నా కన్ను వేయకపోతే ఏమవుతుందో బ్రిటన్ 1945లో చూసింది. డెనిస్ ఓనీల్ అనే 12 ఏళ్ల పిల్లవాడు ష్రాప్‌షైర్‌లో ప్రభుత్వం తనను ఉంచిన పొలం ఇంట్లోనే దెబ్బలతో, ఆకలితో చనిపోయాడు. అతన్ని చూడవలసిన అధికారుల నిర్లక్ష్యం విచారణలో బయటపడింది. ఆ కలకలం తర్వాత, ఇళ్లకు దూరమైన పిల్లల సంరక్షణను పరిశీలించిన కర్టిస్ కమిటీ నివేదిక, 1948లో పిల్లల చట్టం వచ్చాయి. నెలనెలా తనిఖీ అన్న నిబంధన పెంచేవాళ్లకు చికాకుగా అనిపించవచ్చు. బిడ్డను ఇంటివాళ్ల ముందు కాకుండా పక్కకు పిలిచి మాట్లాడినప్పుడే ఆ తనిఖీకి అర్థం ఉంటుంది. నిజంగా ప్రేమించే ఇల్లు ఆ తలుపు తట్టడానికి భయపడదు.

చివరికి వెళ్లే రోజు వస్తుంది. అది కష్టం. మొదట్లో సలహా ఇచ్చినవాళ్లు ఈ ఒక్క విషయంలో సరిగ్గానే చెప్పారు. మంచం ఖాళీ అవుతుంది, బాత్రూంలో చిన్న బ్రష్షు మిగిలిపోతుంది, సాయంత్రం నాలుగున్నరకు చెవులు గేటు వైపే ఉంటాయి. ఆ దుఃఖం మోయవలసింది పెద్దవాళ్లు. మోయగల వయసు వాళ్లదే. బిడ్డ వైపు నుంచి చేయవలసింది ఆ రోజును ఒక్కసారిగా రానివ్వకపోవడం. ముందు ఒక పూట, తర్వాత ఒక రాత్రి, తర్వాత సెలవులన్నీ కన్నవారింట్లో గడిపి, అప్పుడు పూర్తిగా వెళ్లేలా చూడడం. వెళ్లాక కూడా పండక్కో పుట్టినరోజుకో కలిసే వీలు ఉంచడం. మాయమైపోయిన మనిషి బిడ్డ మనసులో నన్ను వదిలేసిన మనిషిగా మిగులుతుంది. ఫోను చేసే మనిషి అలా మిగలదు.

బ్రిటన్‌లో ఇలాంటి పిల్లలకు ఒక పుస్తకం తయారుచేసి ఇచ్చే అలవాటు ఉంది. ఇక్కడ కూడా ఒక మామూలు ఆల్బం చాలు. ఇంటికి వచ్చిన తేదీ. మొదటి రోజు వేసుకున్న గౌను ఫోటో. ఏ పన్ను ఎప్పుడు ఊడింది, ఊడిన పన్నును ఎక్కడ పారేశారు. జ్వరం వచ్చిన మూడు రోజులు పక్కన ఎవరు కూర్చున్నారు. ఏ కూర ముట్టుకునేది కాదు, ఏ పచ్చడికి రెండోసారి అన్నం అడిగేది. బడిలో కూర్చున్న బెంచీ, పక్కన కూర్చున్న స్నేహితురాలి పేరు. కన్నతల్లి చూడటానికి వచ్చిన ఆదివారాల ఫోటోలు కూడా అందులోనే, విడిగా కాదు. చివరి పేజీలో ఇంటి చిరునామా, పెద్దమ్మ ఫోను నంబరు.